రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరుకు పాఠం చెప్పేదెవరు? నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి చూస్తే పీజీ వైద్య శిక్షణ ఎలా ఉంటుంది?

వానలు మొదలయ్యాక ఒక రాత్రి. ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊళ్లో నేల మీద చాప వేసుకుని పడుకున్న వ్యవసాయ కూలీ తెల్లవారుజామున లేచి కడుపులో నొప్పి అన్నాడు. ఒంటి మీద గాటు కనిపించలేదు, వాపు లేదు. గ్యాస్ అయి ఉంటుందిలే అని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగించారు. ఆసుపత్రికి చేరేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది.

ఇది ఉదాహరణ కోసం అనుకున్న కేసే. అయితే కట్లపాము కాటు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. రక్తపింజరి కరిస్తే కాలు వాస్తుంది, రక్తం గడ్డకట్టదు, ఎవరికైనా అనుమానం వస్తుంది. కట్లపాము కాటులో అవేవీ ఉండకపోవచ్చు. పైగా పాము విషానికి విరుగుడు మందు ఎక్కించిన వెంటనే పక్షవాతం తగ్గిపోదు. ఊపిరి తీసుకునే కండరాలు పని మానేసేలోపు గొంతులో గొట్టం వేయాలా, ఇక్కడే వేయాలా, 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలకు పంపి అక్కడ వేయించాలా అన్నది కొన్ని నిమిషాల్లో తేల్చాలి.

ఆ నిమిషాల్లో మంచం పక్కన ఉండేది చాలా ఆసుపత్రుల్లో ఒక జూనియర్ డాక్టరు. పుస్తకంలో ఇదంతా చదివే ఉంటారు. కానీ చదవడం వేరు, ఒకసారి సీనియర్ పక్కన నిలబడి ‘ఈ కళ్లు చూడు, ఇది గ్యాస్ కాదు’ అని చూపించి ఉండటం వేరు. పీజీ వైద్య విద్య నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు సీట్లు, కటాఫ్‌లు, భవనాల లెక్కలు చాలా వస్తాయి. ఈ రెండో విషయం మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

అసలు జూనియర్ డాక్టరంటే ఎవరు?

ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లినవారికి తెల్ల కోటు వేసుకున్న ప్రతి కుర్ర డాక్టరూ ‘స్టూడెంట్’లాగే కనిపిస్తారు. అందులో తేడాలున్నాయి.

ఎంబీబీఎస్ చివరి పరీక్షలు రాసి ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారు హౌస్‌సర్జన్లు. ఎంబీబీఎస్ పూర్తయి, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరై, నీట్ పీజీ రాసి ఎండీ లేదా ఎంఎస్‌లో చేరినవారు జూనియర్ రెసిడెంట్లు. వీళ్లనే మనం పీజీలు అంటాం. కోర్సు మూడేళ్లు. అది పూర్తి చేసి ఆసుపత్రిలో పనిచేసేవారు సీనియర్ రెసిడెంట్లు. ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్. సమ్మె వార్తల్లో కనిపించే ‘జూడా’ అన్న పేరు కింద సాధారణంగా హౌస్‌సర్జన్లు, పీజీలు కలిసే ఉంటారు.

అంటే పీజీ విద్యార్థి సగం డాక్టరు కాదు, లైసెన్స్ ఉన్న పూర్తి డాక్టరు. అయితే ఏ విభాగంలో మీకు వైద్యం చేస్తున్నారో ఆ విభాగంలో ఇంకా నేర్చుకుంటున్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలోనే చిక్కు ఉంది. ఆసుపత్రికి అతను పనిచేసే మనిషి, కాలేజీకి విద్యార్థి. పని ఎక్కువైన రోజున ఏది ముందు ఆగిపోతుందో చెప్పక్కర్లేదు. క్లాసు వాయిదా పడుతుంది, వార్డు వాయిదా పడదు.

నంద్యాలలో ఏం మారింది?

చాలాకాలం ఈ ప్రాంతానికి ప్రభుత్వ బోధనాసుపత్రి అంటే కర్నూలే. కర్నూలు మెడికల్ కాలేజీ 1956లో మొదలైంది. నంద్యాలలో ప్రైవేటు రంగంలో శాంతిరామ్ మెడికల్ కాలేజీ ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కొత్త జిల్లా కేంద్రమైంది. 2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభమైన ఐదు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో నంద్యాల ఒకటి. మిగతావి విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం. ఒక్కోదానికి 150 ఎంబీబీఎస్ సీట్లు.

దీంతో జిల్లా ఆసుపత్రిగా ఉన్నది బోధనాసుపత్రి అయింది. బోర్డు మారడం తేలిక. లోపల మారాల్సింది చాలా ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో సర్జన్ ఆపరేషన్ చేసి ఇంటికి వెళ్తారు. బోధనాసుపత్రిలో అదే సర్జన్ ఆపరేషన్ చేస్తూ ‘ఇక్కడ ఎందుకు కోశాను, అక్కడ ఎందుకు కోయలేదు’ అని పక్కనున్నవారికి చెప్పాలి. రెండో ఏడాది పీజీతో చేయిస్తూ తను చేతులు కట్టుకుని చూడగలగాలి. అరగంటలో అయ్యే ఆపరేషన్‌కు గంట పడుతుంది. బయట ఇంకో పది మంది వరుసలో ఉంటారు.

కొత్త ప్రభుత్వ కాలేజీలు పీజీ కోర్సులు పెట్టుకోవడం ఇప్పుడు మునుపటికన్నా సులువు. వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్, అంటే ఎన్ఎంసీ, 2025 జులైలో అధ్యాపకుల అర్హతలపై కొత్త నిబంధనలు తెచ్చింది. కొత్త ప్రభుత్వ కాలేజీలు ఎంబీబీఎస్, పీజీ కోర్సులను ఒకేసారి మొదలుపెట్టవచ్చు. ఒక విభాగంలో ఇద్దరు అధ్యాపకులుంటే రెండు పీజీ సీట్లతో కోర్సు ప్రారంభించవచ్చు. 220 పడకలకు పైబడిన ప్రభుత్వ ఆసుపత్రిలో పదేళ్లు పనిచేసిన పీజీ స్పెషలిస్టు అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు అర్హులు. రెండేళ్ల అనుభవం ఉంటే సీనియర్ రెసిడెన్సీ చేయకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. అయితే వైద్య పరిశోధనపై ఒక ప్రాథమిక కోర్సును రెండేళ్లలో పూర్తి చేయాలి.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. నంద్యాల లాంటి చోట పదేళ్లుగా కాన్పులు చేసిన గైనకాలజిస్టుకు తెలిసినంత, పెద్ద నగరంలో సెమినార్లు ఇచ్చే ప్రొఫెసరుకు తెలియకపోవచ్చు. అలాంటి అనుభవాన్ని బోధనలోకి తేవడం మంచిదే. కానీ బాగా వైద్యం చేయగలగడం, బాగా చెప్పగలగడం ఒకటి కాదు. వైద్య బోధనా పద్ధతులపై అధ్యాపకులకు ఎన్ఎంసీ ఒక ప్రాథమిక కోర్సు నిర్వహిస్తోంది. అది కొద్ది రోజుల కోర్సు. పోస్టు భర్తీ అయిందా లేదా అన్నది కాగితం చెబుతుంది. ఆ పోస్టులో ఉన్నవారికి పీజీతో కూర్చునే సమయం ఉందా అన్నది కాగితంలో దొరకదు.

దేశమంతా సీట్లు వేగంగా పెరుగుతున్న సమయం కూడా ఇదే. పార్లమెంటుకు కేంద్రం ఇచ్చిన లెక్కల ప్రకారం 2014కు ముందు పీజీ సీట్లు 31,185. 2024 నాటికి అవి 73 వేలు దాటాయి. 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మరో 5,000 పీజీ సీట్లకు ఆమోదం తెలిపింది. స్పెషలిస్టుల కొరత ఉన్న దేశంలో సీట్లు పెరగాల్సిందే. పదేళ్లలో సీట్లు రెండింతలు దాటగలవు. పాతికేళ్ల అనుభవమున్న ప్రొఫెసర్లను పదేళ్లలో రెండింతలు చేయడం ఎవరివల్లా కాదు.

రూల్ బుక్ ఏం హామీ ఇస్తోంది?

పీజీ శిక్షణకు ఇప్పుడు వర్తించేది ‘పోస్ట్ గ్రాడ్యుయేట్ మెడికల్ ఎడ్యుకేషన్ రెగ్యులేషన్స్ 2023’. 2000 సంవత్సరం నాటి పాత నిబంధనల స్థానంలో ఇవి వచ్చాయి. పీజీ విద్యార్థి ఫుల్‌టైమ్ రెసిడెంట్ డాక్టరుగా పనిచేయాలని, పని గంటలు సహేతుకంగా ఉండాలని, రోజులో తగిన విశ్రాంతి ఇవ్వాలని అందులో ఉంది. వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు, ఐదు రోజుల అకడమిక్ లీవు ఉన్నాయి. హాజరు కనీసం 80 శాతం ఉండాలి. థీసిస్ రాయాలి, పరిశోధనా పద్ధతులు, నైతిక విలువలు, గుండె ఆగినప్పుడు ప్రాణం నిలిపే శిక్షణ లాంటి కోర్సులు పూర్తి చేయాలి.

బోధన విషయంలో ఎన్ఎంసీ పాఠ్యప్రణాళికలు ఇంకాస్త లోతుకు వెళ్తాయి. కేస్ ప్రజెంటేషన్లు, జర్నల్ క్లబ్, సెమినార్లు, బెడ్‌సైడ్ క్లాసులు ఉండాలి. మూడు నెలలకోసారి ప్రతి పీజీ పురోగతిని అంచనా వేయాలి. చేసిన పని అంతా లాగ్‌బుక్‌లో రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకోవాలి.

చదువుతుంటే బాగానే ఉంటుంది. అయితే ‘సహేతుకమైన పని గంటలు’ అంటే ఎన్ని? ఆ నిబంధనల్లో అంకె లేదు. కేంద్ర ఆరోగ్యశాఖ 1992 జూన్ 5న ఇచ్చిన రెసిడెన్సీ పథకం ఉత్తర్వుల్లో మాత్రం ఉంది. జూనియర్ రెసిడెంటు సాధారణంగా వారానికి 48 గంటలు పనిచేయాలి, ఒకేసారి 12 గంటలు మించకూడదు అని అందులో చెప్పారు. అది కేంద్ర సంస్థల కోసం ఇచ్చినది. ఏ పీజీ హాస్టల్లోనైనా ఈ ఉత్తర్వు చదివి వినిపిస్తే ముందు నవ్వు వినిపిస్తుంది. 2024లో ఎన్ఎంసీ నియమించిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ 5,337 మంది పీజీల అభిప్రాయాలు కూడా తీసుకుని నివేదిక ఇచ్చింది. వారానికి 74 గంటలు మించకుండా, వారానికి ఒక రోజు సెలవు తప్పకుండా ఉండేలా చూడాలని సూచించింది. 48 గంటలకూ 74 గంటలకూ మధ్య ఉన్న తేడా చూస్తే, అసలు పరిస్థితి ఏమిటో ఆ కమిటీకి తెలిసే ఆ అంకె వేసిందని అర్థమవుతుంది.

పని గంటలు తగ్గిస్తే సరిపోతుందా?

ఇక్కడ అమెరికా అనుభవం పనికొస్తుంది. మన తెలుగు కుటుంబాల నుంచి ఎంతోమంది డాక్టర్లు అక్కడ రెసిడెన్సీ చేస్తున్నారు కాబట్టి ‘వారానికి 80 గంటలు’ అన్న మాట ఇక్కడా చాలామందికి తెలుసు. దాని వెనక ఒక మరణం ఉంది. 1984లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రి చేరిన 18 ఏళ్ల అమ్మాయి తెల్లారేసరికి చనిపోయింది. ఆమెను చూసినవారు రెసిడెంట్లు. దానిపై విచారణ తర్వాత న్యూయార్క్ రాష్ట్రం 1989లో రెసిడెంట్ల పని గంటలపై పరిమితి పెట్టింది. 2003లో అది అమెరికా మొత్తానికి వచ్చింది.

ప్రపంచానికి 80 గంటలు గుర్తుండిపోయాయి. ఆ నిబంధనల్లో రెండో సగం కూడా ఉంది. అనుభవమున్న సీనియర్ డాక్టరు ఆసుపత్రిలో అన్ని వేళలా అందుబాటులో ఉండి రెసిడెంట్లను పర్యవేక్షించాలి. విచారణలో తేలింది అలసట ఒక్కటే కాదు, ఆ రాత్రి ఆ జూనియర్ల పక్కన పెద్దవాళ్లు లేకపోవడం కూడా.

మన దగ్గర చర్చ ఎక్కువగా గంటలు, స్టైపెండ్, భద్రత చుట్టూ తిరుగుతుంది. అవి అవసరమైనవే. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరుపై జరిగిన ఘోరం తర్వాత ఎవరూ కాదనలేరు. అయితే గంటలు తగ్గించి, ఆ తక్కువ గంటల్లోనూ ఒంటరిగా వదిలేస్తే నేర్చుకునేది పెరగదు. రాత్రి రెండింటికి సీనియర్ ఎక్కడున్నారు? వార్డులోనా, క్వార్టర్స్‌లోనా, ఫోన్ అవతలా? ఫోన్లో ఎక్స్‌రే ఫొటో పంపి సలహా తీసుకోవడం ఇప్పుడు మామూలైంది. లేనిదానికన్నా నయమే. కానీ ఫోన్లో ఎక్స్‌రే పంపగలం, రోగి ఊపిరి తీస్తున్న తీరును పంపలేం.

ఆళ్లగడ్డ శిల్పులు దేశమంతా ప్రసిద్ధి. అక్కడ ఉలి పట్టిన కుర్రాడి చెయ్యి తప్పితే పోయేది రాయి. అయినా పెద్దాయన కన్ను ఆ చేతి మీదే ఉంటుంది.

మూడు నెలల జిల్లా రెసిడెన్సీ: ఆళ్లగడ్డకు పీజీ వస్తారా?

పీజీ శిక్షణ పెద్దాసుపత్రి గోడల మధ్యే జరగకూడదని 2020 సెప్టెంబరులో ఒక మార్పు తెచ్చారు. దాని పేరు డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్, డీఆర్‌పీ. ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి ఒక్కరూ మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయాలి. ఇది పూర్తి చేయకపోతే ఫైనల్ పరీక్షకు కూర్చోనివ్వరు. స్టైపెండ్ మాత్రం ఆగదు.

ఎలాంటి ఆసుపత్రికి పంపాలి? మొదట 100 పడకలు ఉండాలన్నారు. 2023 నిబంధనల్లో దాన్ని 50కి తగ్గించారు. ఆ పీజీ చదివే విభాగంలో సౌకర్యాలు, సిబ్బంది ఉండాలన్న షరతు అలాగే ఉంది. నంద్యాలలాగా జిల్లా ఆసుపత్రులే మెడికల్ కాలేజీలుగా మారిపోతున్నప్పుడు, పీజీలను పంపడానికి చిన్న పట్టణాల ఆసుపత్రుల వైపు చూడక తప్పదు. కాబట్టి ఆళ్లగడ్డ లాంటి పట్టణానికి పీజీలు వస్తారా అన్నది రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది. ఎన్ని పడకలు? ఆ విభాగంలో స్పెషలిస్టు ఉన్నారా?

నా దృష్టిలో రెండో ప్రశ్నే అసలైనది. ఆళ్లగడ్డ ఎలాంటి చోటో చూడండి. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప వెళ్లే 40వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. అంటే రోడ్డు ప్రమాదాలు. చుట్టూ పొలాలు. అంటే పాము కాట్లు, పురుగుమందు తాగిన కేసులు. ఒకవైపు నల్లమల. అహోబిలం వచ్చే భక్తులు, అడవి అంచు ఊళ్లు. రక్తహీనతతో కాన్పుకు వచ్చే తల్లులు. ఒక మెడిసిన్ పీజీకి గానీ, అనస్థీషియా పీజీకి గానీ, గైనకాలజీ పీజీకి గానీ ఇంతకన్నా మంచి పాఠశాల ఉండదు. పెద్దాసుపత్రిలో రోగి అప్పటికే ఇద్దరు డాక్టర్లను దాటి, చీటీతో వస్తారు. ఇక్కడ ఏ చీటీ లేకుండా వస్తారు. జబ్బు ఏమిటో మొదట అనుకోవాల్సింది మీరే. స్కానింగ్ లేకుండా, చేతితోనూ స్టెతస్కోపుతోనూ తేల్చుకోవడం ఇక్కడే వస్తుంది. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని ఇప్పుడే నంద్యాలకు పంపాలి, దారిలో ఏం జరగొచ్చు, 108లో ఎవరు తోడు వెళ్లాలి అన్నవి పరీక్షలో అడగరు.

కానీ పాఠశాలకు మాస్టారు కావాలి. స్పెషలిస్టు పోస్టు ఖాళీగా ఉన్న చోటికి పీజీని పంపితే జరిగేది శిక్షణ కాదు, ఖాళీ భర్తీ. డీఆర్‌పీలో ఉన్న పీజీ అకడమిక్‌గా సొంత కాలేజీ మార్గదర్శకత్వంలోనే ఉండాలని, జిల్లాలో ఒక కోఆర్డినేటర్ పర్యవేక్షించాలని నిబంధన చెబుతోంది. బోధనాసుపత్రులు వైద్య విద్య డైరెక్టర్, అంటే డీఎంఈ కింద ఉంటాయి. చిన్న పట్టణాల ఆసుపత్రులది వేరే విభాగం. ఒక విభాగం పంపిన విద్యార్థికి ఇంకో విభాగం ఉద్యోగి పాఠం చెప్పాలి. చెప్పినందుకు ఆ ఉద్యోగికి ప్రమోషన్లో కలిసొచ్చేది ఏమిటి? ఇలాంటి చిన్న ప్రశ్నల దగ్గరే మంచి పథకాలు బలహీనపడతాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రభుత్వ కాలేజీల పీజీ సీట్లలో సగం ఆల్ ఇండియా కోటాకు వెళ్తాయి. రాజస్థాన్ నుంచో కేరళ నుంచో వచ్చిన పీజీకి ‘కండ్లు మసకలు కమ్ముతాండాయి సార్’ అంటే ఏం అర్థమవుతుంది? కొన్ని నెలల్లో చాలామంది పనికి సరిపడా తెలుగు నేర్చుకుంటారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ నేర్పు ఎవరి బాధ్యతా కాదు. నర్సులు, ఆయాలు, పక్క మంచం రోగులు నేర్పుతుంటారు. మొదటి వారాల్లోనే సీమ మాటల్లో జబ్బు లక్షణాలను కాలేజీయే నేర్పిస్తే ఖర్చేమీ కాదు. రోగికి మాత్రం చాలా తేడా పడుతుంది.

లాగ్‌బుక్‌లో సంతకం, చేతిలో పని

ఒక పీజీ ఎంత నేర్చుకున్నారో తెలిపే పత్రం లాగ్‌బుక్. ప్రతి ప్రక్రియ పక్కన స్థాయి రాయాలి: చూశాను, సాయం చేశాను, సీనియర్ పర్యవేక్షణలో చేశాను, సొంతంగా చేశాను. ఈ నాలుగు మెట్ల ఆలోచన చాలా మంచిది. మొదటి ఏడాది అపెండిక్స్ ఆపరేషన్‌లో కొక్కెం పట్టుకుని నిలబడ్డవారు మూడో ఏడాదికి తామే చేయగలగాలి.

అయితే లాగ్‌బుక్ రెండు రకాలుగా నిండుతుంది. ఆ రోజు పనయ్యాక గైడ్‌తో కూర్చుని, ‘ఈ కుట్టు ఎందుకు వదులైంది?’ అని మాట్లాడుకుని సంతకం పెట్టించుకోవడం ఒకటి. పరీక్షకు ముందు వారం మూడేళ్ల పేజీలు ఒకేసారి నింపి దొంతరగా సంతకాలు తీసుకోవడం ఇంకొకటి. బయటి నుంచి చూసేవారికి రెండు పుస్తకాలూ ఒకేలా కనిపిస్తాయి.

ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీల కష్టాలు కూడా ఒకటి కావు. రద్దీ ప్రభుత్వాసుపత్రిలో కేసులకు కొదవ లేదు, చెప్పే సమయానికి కొదవ. పీజీ రోజులో పెద్ద భాగం రక్త నమూనాలు ల్యాబుకు చేర్చడం, డిశ్చార్జి సమ్మరీలు రాయడం, ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతుల కోసం పత్రాలు అప్‌లోడ్ చేయడం లాంటి వాటితో గడిచిపోతుందన్నది పీజీలు తరచూ చెప్పేది. రోగులు తగినంత మంది రాని కాలేజీల్లో అందుకు పూర్తిగా వ్యతిరేకం. క్లాసులు సమయానికి జరగొచ్చు, చేయడానికి కేసులుండవు. వెయ్యి మందిని చూసి ఎవరితోనూ చర్చించకపోవడం, అన్నీ చర్చించి పది మందినే చూడటం, ఏది ఎక్కువ నష్టమో చెప్పడం కష్టం.

అధ్యాపకులు నిజంగా ఉన్నారా అన్నది మరో చిక్కు. తనిఖీ రోజున మాత్రమే కనిపించే అధ్యాపకుల గురించి ఫిర్యాదులు పాతవే. తనిఖీల్లో అక్రమాలు, లంచాల ఆరోపణలపై 2025లో సీబీఐ అధికారులు, కాలేజీల ప్రతినిధులు సహా పలువురిపై కేసు పెట్టింది. అదే ఏడాది మే 1 నుంచి ఎన్ఎంసీ అధ్యాపకులకు ముఖ గుర్తింపు ఆధారిత హాజరు తప్పనిసరి చేసింది. ఫోన్ జీపీఎస్‌తో మనిషి కాలేజీ ఆవరణలో ఉన్నారో లేదో తెలుస్తుంది. వార్డులో ఉన్నారా, తన గదిలో ఉన్నారా అన్నది ఆ యాప్ చెప్పదు.

బ్రిటన్‌లో ఇంకో దారి పట్టారు. అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ ఏటా శిక్షణలో ఉన్న డాక్టర్లనూ, వారికి నేర్పేవారినీ సర్వే చేస్తుంది. నీ పైన పర్యవేక్షణ ఎలా ఉంది, పని భారం ఎంత, బోధనకు సమయం దొరుకుతోందా అని అడిగి, ఫలితాలను శిక్షణ ఇచ్చే సంస్థల వారీగా బయటపెడుతుంది. ఒక ఆసుపత్రిలోని ఒక విభాగం బాగోలేదని జూనియర్లే ఏళ్ల తరబడి చెబుతుంటే అది అందరికీ కనిపిస్తుంది. మన దగ్గర కౌన్సెలింగ్‌లో కాలేజీ ఎంచుకునే డాక్టరు చేతికి అలాంటి పట్టిక రాదు. సీనియర్లకు ఫోన్లు చేసి, వాట్సాప్ గ్రూపుల్లో అడిగి తెలుసుకుంటారు.

పీజీ సీటు ఎంచుకుంటున్నారా?

అలా ఫోన్ చేసేటప్పుడు చాలామంది అడిగేది స్టైపెండ్, హాస్టల్, బాండ్. వాటితో పాటు ఇంకొన్ని అడగండి. పోయినేడాది పాసైన పీజీ ఆ విభాగంలో ముఖ్యమైన ప్రక్రియను సొంతంగా ఎన్నిసార్లు చేశారు? ‘చాలా’ అంటే కాదు, అంకె అడగండి. రాత్రి డ్యూటీలో సీనియర్ రెసిడెంటు ఆసుపత్రిలోనే ఉంటారా, పిలిస్తే వస్తారా? రోగి చనిపోయినప్పుడు దాని మీద విభాగంలో చర్చ జరుగుతుందా, జరిగితే ఆ గదిలో నిజం చెప్పగలరా? రాత్రి డ్యూటీ దిగాక ఆఫ్ ఇస్తారా? థీసిస్‌ను గైడ్ చదువుతారా? డీఆర్‌పీకి ఏ ఆసుపత్రికి పంపుతున్నారు, అక్కడ ఆ విభాగం స్పెషలిస్టు ఉన్నారా?

ఇప్పటికే చేరి, ఒత్తిడి తట్టుకోలేకపోతుంటే టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. వేధింపులైతే ర్యాగింగ్ నిరోధక హెల్ప్‌లైన్ 1800-180-5522 ఉంది. వైద్య కాలేజీల్లో ర్యాగింగ్ నిరోధానికి ఎన్ఎంసీ 2021లో విడిగా నిబంధనలు తెచ్చింది. అవి పీజీలకూ వర్తిస్తాయి.

రోగిగా మీరేం అడగొచ్చు?

బోధనాసుపత్రికి వెళ్లడానికి భయపడాల్సిన పని లేదు. రాత్రీ పగలూ ఎవరో ఒక డాక్టరు వార్డులో ఉండటం చిన్న నర్సింగ్‌హోముల్లో తరచూ దొరకని సౌకర్యం. కాకపోతే మిమ్మల్ని చూస్తున్నది ఎవరో తెలుసుకునే హక్కు మీకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇది స్పష్టంగా ఉంది. వైద్యం చేస్తున్నవారి పేరు, వారి వృత్తి హోదా, మీ వైద్యానికి ప్రధాన బాధ్యత ఎవరిదో మీకు చెప్పాలి.

కాబట్టి ‘మీరు పీజీనా?’ అని గద్దించక్కర్లేదు. ‘మా నాన్నను చూస్తున్న యూనిట్ చీఫ్ ఎవరు సార్? ఈ ఆపరేషన్ సంగతి వారికి తెలుసా?’ అని నెమ్మదిగా అడిగితే చాలు. చాలామంది పీజీలకు ఆ ప్రశ్న ఇబ్బంది కాదు. పైకి ఫోన్ చేయడానికి వాళ్లకు ఒక కారణం దొరుకుతుంది. ‘పేషెంటు వాళ్లు అడుగుతున్నారు సార్’ అంటే, అర్ధరాత్రి సీనియర్‌ను లేపడానికి మొహమాటపడే మొదటి ఏడాది పీజీకి కాస్త ధైర్యం వస్తుంది.

పాము కాటు అనుమానం ఉంటే మాత్రం ఈ ప్రశ్నలేవీ ముందు కాదు. కట్టు కట్టి, కోసి, మంత్రం వేయించి సమయం పోగొట్టకండి. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయండి. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కారణం లేకుండా కడుపు నొప్పి అంటే, కళ్లు మూతలు పడుతుంటే, గాటు కనిపించకపోయినా ఆ రెండు సంగతులూ డ్యూటీ డాక్టరుకు మొదటే చెప్పండి.